బిడ్డల రోగమునకు తల్లి దోషమే కారణమా?

మా యెఱుకలో నొక కుటుంబము గలదు. ఆ యింటి కోడలికి కలిగిన బిడ్డ లిరువురును ఏడాది నిండకమునుపే గతించిరి. పుట్టినప్పుడు ఇరువురును బొద్దుగానే యుండిరి. నాలుగైదు నెలలు గడచిన పిమ్మట విరేచనములు పట్టుకొనెను. అవి తగ్గునంతలో దగ్గు, ఆయాసము; పిదప నోటిలో తెల్లని పూత. మందులచే నొకటి నెమ్మదించినచో మఱియొకటి తలయెత్తెడిది. రెండవ బిడ్డయు పోయిన తరువాత పరామర్శకు వచ్చిన బంధువులలో నొక పెద్దావిడ, కోడలు వినుచుండగనే, "ఈ పిల్ల పాలలోనే యేదో యున్నదమ్మా" అనెను. వేఱొకామె "అడుగు పెట్టిన వేళ మంచిది కాదు" అనెను. అత్తగారు బదులు చెప్పలేదు. ఆ కోడలు పరాయి యింటి పిల్లయు కాదు. ఆ యత్తగారి సొంత తమ్ముని కూతురు. మేనరికమని ముచ్చటపడి తెచ్చుకొన్న పిల్ల.

ఆ బిడ్డలకు వచ్చిన రోగ మేదియో యెవరును పరీక్షించి నిర్ణయింపలేదు. కావున దానిని గుఱించి మేము తేల్చి చెప్పజాలము. కాని ఆ యింటినుండి వచ్చిన నాటినుండి ఆ మాటలు మా చెవులలో మ్రోగుచునే యున్నవి. పసిబిడ్డ పదేపదే జబ్బుపడినచో మన యిండ్లలో మొదట వేలెత్తి చూపునది తల్లినే. ఆమె తిన్న పథ్యము, ఆమె పాలు, ఆమె పాదము, ఆమె జాతకము విచారణకు వచ్చును. బిడ్డ శరీరములోపల నేమి జరుగుచున్నదని విచారించువారు తక్కువ. ఈ యేబది సంవత్సరములలో శాస్త్రజ్ఞులు ఆ విచారణ చేసి, మనము తప్పక తెలిసికొనవలసిన విషయములను కనుగొనిరి. వానిలో నొకదానిని మాకు తెలిసినంతలో ఇచ్చట విన్నవింతుము.

మన శరీరము కోటానుకోట్ల కణములతో కట్టబడినది. వానిలో తెల్లకణములను పేర గలవి మనలను కాపాడు భటులు. భటులలోను పనుల పంపకము కలదు. వాకిట కావలి యుండి, లోనికి వచ్చిన సూక్ష్మక్రిములను పట్టి మ్రింగునవి కొన్ని. క్రిమి యేదియో గుర్తించి, దానిపై పోరు నడపుటకు ఆజ్ఞ లిచ్చునవి కొన్ని. వీనిని టి-కణము లందురు. క్రిమిని పట్టుకొను ప్రతివిషములను తయారుచేయునవి కొన్ని, ఇవి బి-కణములు. టి-కణముల ఆజ్ఞ లేనిదే బి-కణముల పని చాలవఱకు సాగదు.

ఇందొక చిత్రమున్నది. ఆజ్ఞ లీయవలసిన టి-కణమునకు క్రిమి యెదుటనే యున్నను తనంతట తాను దానిని గుర్తింపలేదు. వేఱొక కణము ఆ క్రిమిని మ్రింగి, ముక్కలు చేసి, అందొక చిన్నముక్కను పళ్ళెములో పెట్టినట్లు తన పైభాగమున నిలిపి చూపవలెను. అట్లు చూపబడు పరాయి వస్తువునకు శాస్త్రజ్ఞులు యాంటిజెన్ అని పేరిడిరి. స్వశరీరపు పళ్ళెములో పెట్టి చూపిననే గాని టి-కణము పరాయి వస్తువును గుర్తింపదని 1974లో ఆస్ట్రేలియా దేశమందలి కాన్‌బెర్రా నగరమున రోల్ఫ్ జింకర్నాగెల్, పీటర్ డోహర్టీ అను నిరువురు నిరూపించిరి. అందులకు వారికి 1996లో నోబెల్ బహుమానము లభించెను.

ఈ చూపు పనిలో కడు నేర్పుగల కణమును 1973లో న్యూయార్కునందలి రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయమున రాల్ఫ్ స్టైన్మన్, జాన్విల్ కోన్ అనువారు చిట్టెలుక ప్లీహములో కనుగొనిరి. చెట్టు కొమ్మలవలె నలువైపులకు చేతులు చాచి యుండుటచే దానికి డెండ్రైటిక్ కణమని పేరు పెట్టిరి. కొమ్మలు గల కణమని దాని భావము. ఇది చర్మమునందును, ఊపిరితిత్తులయందును, ప్రేగులయందును కాచుకొని యుండి, దొరికిన పరాయి వస్తువును పట్టుకొని, మెడలోను చంకలలోను గజ్జలలోను గల గ్రంథులకు పోయి, అచ్చట గుమిగూడియున్న టి-కణములకు చూపును. కాలికి పుండైనప్పుడు గజ్జలలో బిళ్ళ కట్టుట మన మందఱ మెఱిగినదే. అచ్చట జరుగుచున్నది ఈ కొలువే. స్టైన్మన్ గారికి నోబెల్ బహుమానము 2011 అక్టోబరు 3వ తేదిని ప్రకటింపబడెను. ఆయన అంతకు మూడు దినములు ముందే క్యాన్సరు వ్యాధిచే మరణించియుండెను. ఆ సంగతి బహుమాన మిచ్చువారికి తెలియదు. తెలిసిన పిమ్మటను వారు బహుమానమును మార్చలేదు.

ఇక మనము ముఖ్యవిషయమునకు వత్తము. ఆ పళ్ళెము లెచ్చటినుండి వచ్చును? శరీరమునకు కావలసిన ప్రతి వస్తువును తయారుచేయు విధానము కణములలోని జన్యువులలో వ్రాయబడి యున్నది. రక్తములోని యెఱ్ఱకణములవంటి కొన్నింటిని విడిచినచో, మన శరీరములోని కణము లన్నిటిలోను ఇంచుమించుగా ఈ జన్యువులన్నియు నుండును. చర్మపు కణములోను, కాలేయపు కణములోను, డెండ్రైటిక్ కణములోను అవే జన్యువులు. అయినను, మ్రింగిన క్రిమిముక్కను చూపు పళ్ళెములను డెండ్రైటిక్ కణములు, బి-కణములు, మఱికొన్ని భక్షకకణములు మాత్రమే విరివిగా తయారుచేయును. తక్కినవి చేయవు. ఏల?

మన పాతయిండ్లలోని భోషాణమును తలచుకొనుడు. ఒక పెద్ద యింటిలో ప్రతి గదిలోను ఒకే తీరు భోషాణ మున్నదనుకొందము. ప్రతి దానిలోను వెండిపళ్ళెము లున్నవి. ప్రతి దానికిని తాళము వేసియున్నది. కాని తాళపుచెవి కొన్ని గదులలోనే యున్నది. ఎచ్చట తాళపుచెవి యున్నదో అచ్చటనే పళ్ళెములు వెలికి వచ్చును. తక్కిన గదులలో పళ్ళెములు లేకపోలేదు, తీయువారు లేరు. కణములలోను సరిగా నిట్లే జరుగుచున్నది. జన్యువు ఉన్నంత మాత్రమున చాలదు. దానిని తెఱచి చదువవలెను. ఏ కణములో, ఏ వేళ, ఎంత మాత్రము చదువవలెనో నిర్ణయించు ఏర్పాటునే జన్యునియంత్రణ మందురు.

ఈ తాళపుచెవిని కనుగొన్న కథ పసిబిడ్డల దుఃఖముతో ముడిపడి యున్నది. గత శతాబ్దపు చివరి దశాబ్దములలో కొందఱు శిశువులను పరీక్షించిన వైద్యులు, వారి రక్తకణములపై ఈ పళ్ళెములు బొత్తిగా లేకుండుటను చూచిరి. పళ్ళెముల జన్యువులే చెడియుండునని తలచి వెదకగా, అవి నిర్దుష్టముగా నున్నవి! భోషాణములో పళ్ళెము లున్నవి. తెఱచుటకు వీలు లేదు. 1993లో స్విట్జర్లాండునందలి జెనీవా నగరమున బెర్నార్డ్ మాక్ గారి బృందమువారు, ప్రయోగశాలలో పెంచుచు వచ్చిన, పళ్ళెములు తయారుచేయు శక్తి కోల్పోయిన కొన్ని కణములను తీసికొని, ఆరోగ్యకణములలోని జన్యువులను వానిలో ప్రవేశపెట్టి చూచిరి. ఒక జన్యువు ప్రవేశించినంతనే పళ్ళెములు మరల కనబడెను. ఆ జన్యువునే రోగియైన యొక బిడ్డ కణములలో ప్రవేశపెట్టగా అచ్చటను కనబడెను. దానికి సి.ఐ.ఐ.టి.ఏ. అని పేరు. ఇదియే మనము చెప్పుకొన్న తాళపుచెవి.

తాళపుచెవి యున్నను తాళము సరిగా లేనిచో భోషాణము తెఱవబడదు గదా. ఆర్.ఎఫ్.ఎక్స్. అను మూడు భాగముల కూర్పు ఆ తాళము వంటిది. అది పళ్ళెముల జన్యువుల ముంగిట నంటిపెట్టుకొని యుండును. సి.ఐ.ఐ.టి.ఏ. జన్యువును నేరుగా తాకదు. ఈ కూర్పు మీదనే వచ్చి కూర్చుండి జన్యువును చదివించును. ఆ మూడు భాగముల జన్యువులును 1998 నాటికి తెలియవచ్చెను. వెరసి నాలుగు జన్యువులు. ఈ నాలుగింటిలో ఏ యొక్కటి చెడినను బిడ్డకు పళ్ళెము లుండవు.

ఆరోగ్యవంతుల శరీరములో ఈ తాళపుచెవి యెంత నేర్పుగా వాడబడుచున్నదో చూడుడు. క్రిములతో పోరు మొదలైనంతనే టి-కణములు గామా ఇంటర్‌ఫెరాన్ అను వస్తువును విడుచును. అది సోకిన చోట, మామూలుగా ఈ పళ్ళెములు లేని కణములలో సైతము తాళపుచెవి తయారగును. ఆ కణములును చూపు పనికి దిగును. ఇక డెండ్రైటిక్ కణమో, క్రిమిని పట్టుకొని గ్రంథికి ప్రయాణమైన పిమ్మట క్రొత్త పళ్ళెములను చేయుట మానివేయును. అప్పటికే ముక్కలతో నింపుకొన్న పళ్ళెములను మాత్రము చెక్కుచెదరకుండ నిలుపుకొని చూపును. దారిలో కనబడిన ప్రతి వస్తువును చూపి కొలువును గందరగోళ పఱుపక, దేనికై వచ్చినదో దానినే చూపుట దీని నేర్పు.

స్త్రీలమగు మనకు వేఱొక విశేషమును తెలియవలెను. గర్భములోని శిశువు సగము తండ్రి జన్యువులు గలది. అనగా తల్లి శరీరమునకు సగము పరాయిది. అయినను తల్లి భటులు దానిపై దండెత్తరు. దీనికి కారణము లనేకములు గలవు. అందొకటి యేమన, శిశువునకు తల్లికి నడుమ నుండు మాయయొక్క పైపొర కణములలో ఈ తాళపుచెవి జన్యువు గట్టిగా మూసివేయబడి యుండును. ఇంటర్‌ఫెరాన్ వచ్చి పిలిచినను అది పలుకదు. తొమ్మిది నెలలు బిడ్డను నిశ్చింతగా మోయుటకు ప్రకృతి చేసిన యేర్పాటులలో నిది యొకటి. తెఱువవలసిన చోట తెఱచుట యెంత అవసరమో, మూయవలసిన చోట మూయుటయు అంత అవసరము.

తాళపుచెవి గాని తాళము గాని చెడిన బిడ్డ గతి యేమగును? పుట్టినప్పు డా బిడ్డ తక్కిన బిడ్డలవలెనే యుండును. ఏలయన, గర్భములో నుండగనే మాయ ద్వారా తల్లినుండి వచ్చిన ప్రతివిషములు కొన్ని నెలలపాటు కాపాడుచుండును. అవి తఱిగిపోవుకొలది, మొదటి యేడాదిలోనే రోగములు చుట్టుకొనును. తగ్గని విరేచనములు, మాటిమాటికి న్యుమోనియా, విడువని నోటిపూత, ఎంత పాలు పట్టినను పెరుగని బరువు ఇందలి లక్షణములు. టి-కణములకు చదువు చెప్పు పాఠశాల రొమ్ముయెముక వెనుకనుండు థైమస్ గ్రంథి. అచ్చటను ఈ పళ్ళెములే పాఠ్యపుస్తకములు గాన, అవి లేనిచో ఆజ్ఞ లిచ్చు టి-కణములు తగినన్ని తయారు కావు. టీకా వేసినను క్రిమిని చూపువారు లేక ఆ టీకా ఫలింపదు. తగిన చికిత్స లేనిచో ఇట్టి బిడ్డలలో పెక్కుమంది బాల్యము దాటరు.

సోదరీమణులారా! మొదట చెప్పిన మాటను మరల తలచుకొనుడు. ఆ తల్లి పాలలో నేదో యున్నదట! నిజమే, ఉన్నది. క్రిములను పట్టు ప్రతివిషము లున్నవి. ఇట్టి బిడ్డ మొదటి నెలలలో నిలిచి యుండుట తల్లి యిచ్చిన రక్షణ వలననే. తల్లిరక్షణ తఱిగిన పిమ్మట బిడ్డ పడిపోవుటను చూచి, తల్లినే దోషిగా నిలుపుట యెంత అన్యాయము!

మఱి దోష మెచ్చటినుండి వచ్చెను? ప్రతి జన్యువును మనకు జంటగా నుండును: తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి. జంటలో నొకటి చెడినను రెండవది మంచిదైనచో పని జరిగిపోవును. అట్టివారు జీవితమంతయు ఆరోగ్యముగానే యుందురు. తమలో దాగియున్న లోపము వారికే తెలియదు. భార్యయు భర్తయు ఒకే జన్యువులో అట్టి లోపము గలవారైనపుడు మాత్రమే, వారికి కలుగు ప్రతి బిడ్డకును నాలుగింట నొక పాలు రోగము వచ్చు అవకాశ ముండును. ఒక బిడ్డకు వచ్చినది గదా, ఇక మిగిలిన మువ్వురకు రాదనుకొనరాదు. ప్రతి కాన్పునకును లెక్క మరల మొదటికి వచ్చును. ఇందు తల్లి పాలు ఎంతయో తండ్రి పాలును అంతే. తల్లిని నిందించువారు న్యాయముగా తండ్రినిగూడ నిందింపవలెను. నిజమునకు ఇరువురును నిందార్హులు కారు.

ఈ వ్యాధి కడు అరుదైనది. లోకమున గుర్తింపబడిన బిడ్డలు కొన్ని వందలకు మించరు. వారిలో ఉత్తరాఫ్రికాలోని మొరాకో, అల్జీరియా, ట్యునీషియా దేశముల కుటుంబములవారు పెక్కుమంది. ఆ కుటుంబములలో చాలవాని యందు ఆర్.ఎఫ్.ఎక్స్. తాళములోని యొక భాగమున ఒకే విధమగు లోపము కనబడుటచే, అది ఎన్నడో యొక పూర్వికుని నుండి వచ్చినదని శాస్త్రజ్ఞు లూహించిరి. దగ్గఱి బంధువులలో పెండ్లిండ్లు చేసికొను ఆచారము అచ్చట గలదు. ఆ మాట వినగానే మన తెలుగునాటి మేనరికములు జ్ఞప్తికి రాక మానవు. మేనమామకును మేనకోడలికిని జన్యువులలో సగటున నాలుగవ వంతు ఒకే పెద్దలనుండి వచ్చినవై యుండును. మేనత్త బిడ్డకు మేనమామ బిడ్డకు ఎనిమిదవ వంతు. ప్రతి మనిషిలోను పైకి కనబడని లోపములు కొన్ని దాగియే యుండును గాన, ఒకే లోపము ఇరువురియందు నుండు అవకాశము పరాయి సంబంధమునందుకంటె మేనరికమునందు హెచ్చు. ఈ యొక్క వ్యాధికే గాదు, ఇట్లే వచ్చు పెక్కు వ్యాధులకును ఇది వర్తించును.

ఇట్లనుటచే మేనరికము చేసికొన్నవారి కెల్లరకు రోగిష్టి బిడ్డలు కలుగుదురని మే మనుటలేదు. అత్యధికులకు ఆరోగ్యవంతులైన బిడ్డలే కలుగుచున్నారు. ఇప్పటికే జరిగిన వివాహములను గుఱించి విచారించుటయు వ్యర్థము. కాని, ఇక ముందు సంబంధములు చూచునపుడు ఆస్తి చెదరదనియు, ఆడపిల్ల దూరముగా పోదనియు లెక్కించుకొను పెద్దలు ఈ లెక్కనుగూడ వేసికొనవలెనని మా మనవి.

ఇక తల్లులు చేయదగిన దేమి? పసిబిడ్డలకు విరేచనములు, దగ్గు వచ్చుట సామాన్యము. అవి చాలవఱకు నీటివలననో, ఆహారపు కొఱతవలననో, సోకు క్రిములవలననో వచ్చి పోవును. ప్రతి దగ్గునకును ఈ భయము పెట్టుకొనవలదు. కాని ఒక యేడాదిలోపల బిడ్డకు రెండుమూడుమార్లు న్యుమోనియా వచ్చినను, విరేచనములు వారములతరబడి విడువకున్నను, నోటిపూత మందులకు లొంగకున్నను, అన్నిటికంటె ముఖ్యముగా అదే యింట ఇంతకుముందొక బిడ్డ ఇట్లే పోయియున్నను, "రోగనిరోధకశక్తిని పరీక్షింపుడు" అని వైద్యుని నోరు తెఱచి అడుగవలెను. మామూలు రక్తపరీక్షలో తెల్లకణముల లెక్క సరిగానే కనబడవచ్చును. కావున సి.డి.4 అను టి-కణముల లెక్కయు, కణములపై పళ్ళెములున్నవా లేవా యను పరీక్షయు వేఱుగా చేయవలసి యుండును.

టీకాలను గుఱించియు నొక మాట. మన దేశమున బిడ్డ పుట్టగనే వేయు బి.సి.జి. టీకాయు, నోటిలో వేయు పోలియో చుక్కలును సజీవక్రిములను బలహీనపఱచి చేసినవి. ఆరోగ్యవంతులైన బిడ్డలకు ఇవి ప్రాణరక్షకములు, మాన్పింపరాదు. కాని ఇట్టి లోపము గల బిడ్డకు అవియే రోగకారకములు కావచ్చును. కావున ముందొక బిడ్డను ఇట్లు పోగొట్టుకొన్న తల్లి, మరల కాన్పునకు పోయినపుడు, టీకా వేయకమునుపే ఆ సంగతి వైద్యునకు తెలుపవలెను. వేయుటయా, ఆపుటయా యన్నది ఆయన నిర్ణయింపవలసినది, మనము కాదు.

చికిత్స లేకపోలేదు. ఆరోగ్యవంతుని యెముకల మూలుగనుండి మూలకణములను తీసి బిడ్డ కెక్కించినచో, వానినుండి తాళపుచెవి గల క్రొత్త కణములు పుట్టును. సరిపడు తోబుట్టువు దొరికినచో మేలు. ఇది ప్రయాసతోను వ్యయముతోను గూడినది. ప్రతిసారియు ఫలించునని చెప్పరాదు. ఎంత త్వరగా రోగము గుర్తింపబడునో ఆశ యంత హెచ్చు. ఒక బిడ్డయందు చెడిన జన్యువేదియో తెలిసినచో, తరువాతి గర్భమున మూడవ నాలుగవ నెలలలోనే పరీక్షించి తెలిసికొను మార్గమును గలదు. హైదరాబాదునందలి డి.ఎన్.ఏ. ఫింగర్‌ప్రింటింగు, డయాగ్నోస్టిక్సు కేంద్రమువంటి సంస్థలలో వంశపారంపర్య వ్యాధులకు జన్యుపరీక్షలు జరుగుచున్నవి.

మేము మొదట చెప్పిన యింటికి మొన్న మరల పోయితిమి. ఆ కోడలు ఇప్పుడు మరల నెల తప్పియున్నది. అత్తగారిని ప్రక్కకు పిలిచి, ఇందు వ్రాసినదంతయు సులభమైన మాటలలో చెప్పితిమి. తాళపుచెవి సంగతి చెప్పునప్పుడు ఆమె తన మొలనున్న గుత్తిని తడవి చూచుకొనెను. చాలసేపు మౌనముగా నుండి, "అయితే మా తమ్ముని రక్తమును, నా రక్తమునే గదమ్మా, తప్పైతే మా యింటిదే" అనెను. "తప్పు కాదు, సంగతి" అంటిమి. వచ్చు సోమవారము కోడలిని కొడుకును వెంటబెట్టుకొని తానే జన్యుపరీక్షకు పోవునట్లు ఒప్పుకొనెను. పరీక్షలో నేమి తేలునో మాకు తెలియదు. కాని మేము వచ్చునపుడు ఆమె కోడలికి పాలు కాచి తెచ్చి స్వయముగా చేతి కిచ్చుట చూచితిమి. మన యిండ్లలో ఏ తల్లియైనను బిడ్డను పోగొట్టుకొన్న దినమున, ఆమెపై నొక మాట విసరుటకు ముందు ఈ సంగతి యొక్కటి జ్ఞప్తికి తెచ్చుకొనుడని పాఠకసోదరీమణులను వేడుచున్నాము.